స్వరములకు లిపి దిద్దిన సుబ్బరామ దీక్షితులు

రాయచోటికి తూర్పున, రాజంపేట చెంత, తాళ్ళపాక యను గ్రామము కలదు. పదకవితా పితామహుడని లోకము కొనియాడు అన్నమాచార్యుడు (1408–1503) అచ్చటివాడు. ఆయనయు, ఆయన కుమారులును, మనుమలును రచించిన సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల దేవాలయమున శతాబ్దములపాటు భద్రముగా నుండెను. పాటలోని అక్షరములు నిలిచినవి. పాటపైన రాగము పేరు నిలిచినది. కాని ఆ మహాభక్తుడు పల్లవిని ఏ స్వరమున ఎత్తుకొనెనో, ఎచ్చట నిలిపెనో, ఎచ్చట కదిలించెనో తెలుపు గుర్తులు మాత్రము ఆ కీర్తనలకు మిగులలేదు. అందుచేత ఇరువదవ శతాబ్దమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చెను. మాట దక్కెను గాని మట్టు దక్కలేదు.

ఇట్టి నష్టము ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలకు కలుగకుండ కాపాడినవారు సుబ్బరామ దీక్షితులవారు. తెలుగు అక్షరములకు పైనను క్రిందను చిన్నచిన్న గుర్తులు చేర్చి, చెవికి వినబడు సంగీతమును కంటికి కనబడునట్లు చేసి, పెద్దలకు ఒక మహాగ్రంథమును, పిన్నలకు ఒక మొదటి పుస్తకమును ఇచ్చిపోయిన ఆ మహనీయుని చరిత్ర, గ్రంథములయెడ ఆదరముగల ప్రతివారును తెలిసికొనదగినది.

వంశము

దీక్షితులవారి వంశము సంగీతమునకు పుట్టినిల్లు. మూలపురుషుడైన రామస్వామి దీక్షితులు (1735–1817) తెలుగున అనేక రచనలు చేసిన వాగ్గేయకారుడు. హంసధ్వని రాగమును కల్పించినవాడని ప్రసిద్ధి. ఆయన జ్యేష్ఠపుత్రుడు సంగీతత్రిమూర్తులలో నొకరైన ముత్తుస్వామి దీక్షితులు. మరియొక కుమారుడు బాలస్వామి దీక్షితులు (1786–1859) ఆంగ్లేయుల ఫిడేలును అభ్యసించి, దానిని మన సంగీతమునకు అనువుగా మలచిన మొదటివారిలో నగ్రగణ్యుడు. నేడు పాటకచ్చేరిలో ఫిడేలు లేని వేదిక యుండదు. ఆ మేలు చాలవరకు ఆయనదే.

బాలస్వామి దీక్షితులు తిరునెల్వేలి సీమలోని ఎట్టయాపురము సంస్థానమున ఆస్థాన విద్వాంసుడుగా నుండెను. ఆ సంస్థానాధిపతులు తెలుగు మాతృభాషగాగల కంబళనాయకులు. వారి పూర్వులు చంద్రగిరి ప్రాంతమునుండి దక్షిణమునకు తరలిపోయిరని వంశచరిత్ర చెప్పును. తమ్ముని చూడవచ్చిన ముత్తుస్వామి దీక్షితులు 1835వ సంవత్సరము దీపావళినాడు ఆ యూరనే దేహము చాలించిరి.

అది జరిగిన నాలుగేండ్లకు, 1839లో, బాలస్వామి దీక్షితుల కుమార్తెకు తిరువారూరున ఒక మగశిశువు కలిగెను. బాలసుబ్రహ్మణ్యమని పేరుపెట్టిరి. పుత్రసంతానము లేని బాలస్వామి దీక్షితులు ఈ దౌహిత్రుని దత్తు చేసికొని ఎట్టయాపురమునకు తీసికొనిపోయి పెంచిరి. ఆ బాలుడే సుబ్బరామ దీక్షితులు.

విద్యాభ్యాసము

ఆనాటి సంగీతవిద్య నోటినుండి చెవికి, చెవినుండి నోటికి సాగునది. గురువు ఒకమారు పాడును. శిష్యుడు పదిమార్లు పాడును. తప్పినచో మరల మొదటికి వచ్చును. పురందరదాసు (1484–1564) ఏర్పరచెనని సంప్రదాయము చెప్పు స్వరావళులు, జంటవరుసలు, అలంకారములు, పిళ్ళారి గీతములు, ఆ పిమ్మట వర్ణములు, కీర్తనలు – ఇదియే మెట్లవరుస. తాటియాకుపై వ్రాసికొనినను సాహిత్యమును, కొలదిగా స్వరములను మాత్రమే వ్రాసికొనెడివారు. తక్కినదంతయు గురువు కంఠమునందును శిష్యుని జ్ఞాపకమునందును ఉండెడిది.

సుబ్బరాముడు ఇట్లే నేర్చెను. పెదతాతగారి కీర్తనలను ఆయన తోడబుట్టినవారి ముఖమునుండియే గ్రహించుట ఆయనకు లభించిన మహాభాగ్యము. వీణయందును గాత్రమునందును ఆయనకు ప్రవేశము కలిగెను. సంస్కృతాంధ్రములయందు పాండిత్యము అబ్బెను. పదునేడేండ్ల ప్రాయమున దర్బారు రాగమున తానవర్ణము రచించి ప్రభువునకు వినిపించెననియు, అంత చిన్నవాడు అంత ప్రౌఢముగా రచింపగలడాయని శంకించి ప్రభువు మరియొక రచన చేయుమని పరీక్షింపగా, యదుకులకాంభోజిలో జతిస్వరము రచించి నెగ్గెననియు చెప్పుదురు. పిన్న వయసుననే ఆయనకు ఆస్థాన విద్వాంసుని పదవి లభించెను. 1859లో బాలస్వామి దీక్షితులు గతించిరి. అప్పటినుండి ఆ యింటి సంగీతభాండారమునకు ఇరువదియేండ్ల యువకుడే కాపరి యాయెను.

గుర్తుల ఆవశ్యకత

స్వరమును గుర్తులతో వ్రాయవలెనను తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. పుదుక్కోట ప్రాంతమున కుడుమియాన్‌మలై కొండరాతిపై ఏడవ శతాబ్దమునాటి స్వరశాసనము నేటికిని చూడవచ్చును. ఇతర దేశములందును పిల్లలకు బోధించువారే ఈ విషయమున ముందంజ వేసిరి. ఇటలీలో అరెజ్జో పట్టణపు గ్విదో అను క్రైస్తవ సన్యాసి, పదునొకండవ శతాబ్దమున, దేవాలయమున పాడు బాలురు ఏండ్లకొలది వల్లెవేయుటకు జాలిగొని, గీతలపై స్వరములను నిలుపు పద్ధతిని తీర్చిదిద్దెను. పదియేండ్లు పట్టు చదువు ఒకటి రెండేండ్లలో ముగియునని ఆయన విశ్వాసము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ కర్వెన్ అను మతబోధకుడు, గీతలును అక్కరలేకుండ, మన స రి గ మ లవలె అక్షరములతోనే బడిపిల్లలకు పాట నేర్పు పద్ధతిని వ్యాపింపజేసెను.

మన దక్షిణాదిని, చెన్నపురిలో తచ్చూరు సింగరాచార్య సోదరులు తెలుగు లిపిలో సంగీత పాఠపుస్తకములు అచ్చొత్తించి గొప్ప ఉపకారము చేసిరి. అయినను ఒక కొరత మిగిలెను. స్వరము పేరు వ్రాయుట సులభము. ఆ స్వరము కదలు తీరు వ్రాయుట కష్టము. మన సంగీతమున ప్రాణమంతయు ఆ కదలికయందే కలదు. దానినే గమకమందురు. తోడిలోని గాంధారమును కదలింపక నిలిపి పలికించినచో అది తోడి కాదు. స్వరము మాత్రము వ్రాసి గమకము విడిచిన పుస్తకము, పేరు వ్రాసి ముఖము గీయని చిత్రపటము వంటిది.

చిన్నస్వామి మొదలియారి యత్నము

ఈ కొరతను తీర్పనెంచిన మహాశయుడు చిన్నస్వామి మొదలియారు. ఆయన క్రైస్తవుడు, పట్టభద్రుడు, చెన్నపురి ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి. మన కీర్తనలు కాలగర్భమున కలిసిపోవుచున్నవని చింతించి, త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వాలాజాపేట కృష్ణస్వామి భాగవతులు పాడగా విని, ఐరోపా పద్ధతి గుర్తులతో వ్రాసి, 1893 మొదలు అచ్చు వేయించెను. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలకై విచారింపగా సుబ్బరామ దీక్షితుల పేరు తెలిసెను. ఆ కీర్తనలను తనకు తెలిపి లోకమునకు ఇప్పింపుమని ఆయన దీక్షితులవారిని ప్రార్థించెను.

దీక్షితులవారు వెంటనే సమ్మతింపలేదు. ఇందుకు కారణములు లేకపోలేదు. ఆ కాలమున గాయకునకు కీర్తనయే ఆస్తి. శిష్యుని గుణము పరీక్షించి, ఏండ్లకొలది సేవ గైకొని, పిమ్మటగాని మంచి కీర్తనను చెప్పెడివారు కారు. అచ్చుపడిన కీర్తన అంగడిలో వెలకు దొరకును. కొన్నవాడు యోగ్యుడో కాడో గ్రంథకర్త యెరుగడు. అంతకంటె పెద్ద భయము మరియొకటి: గురుముఖము లేక గుర్తులు చూచి పాడువాడు పాటను పాడుచేయునేమో. వంశమున మూడుతరములుగా శుద్ధముగా వచ్చిన సొత్తు తన చేతులమీదుగా చెడినచో ఆ దోషము ఎవరిది?

రెండవవైపు మరియొక సత్యము నిలిచియుండెను. దీక్షితులవారికి అరువదియేండ్లు సమీపించెను. తెలిసినదంతయు తన హృదయమునందే కలదు. వ్రాయనిచో చెడుటకైనను ఏమియు మిగులదు.

1899లో ఎట్టయాపుర ప్రభువు పట్టాభిషేక సందర్భమున మొదలియారు స్వయముగా అచ్చటికి పోయి ప్రభువునకు విన్నవించుకొనెను. ప్రభువు సంగీతాభిమాని. పూర్వులు పోషించిన విద్యను తాను నిలుపదలచి, గ్రంథము వ్రాయవలసినదని దీక్షితులవారిని కోరి, వ్యయమంతయు సంస్థానమే భరించునని తెలిపెను. దీక్షితులవారు అంగీకరించిరి. తన ధనమును ఆరోగ్యమును ధారపోసిన మొదలియారు తలపెట్టిన కార్యము ఆయన చేతులమీదుగా పూర్తి కాలేదు. కాని ఆయన నాటిన విత్తు ఎట్టయాపురమున మొలకెత్తెను.

మహాగ్రంథము

సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను ఆ గ్రంథము 1904లో ఎట్టయాపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు అచ్చుపడి వెలువడెను. సుమారు 1,700 పుటలు. తమిళదేశము నడుమ, సంస్థానపు ముద్రాలయమున, గ్రంథమంతయు తెలుగు లిపిలో అచ్చగుట తెలుగువారికి గర్వకారణము. ఆ కాలమున దక్షిణదేశమంతట సంగీతమునకు తెలుగే భాష. వర్గాక్షరములన్నియు గల తెలుగు లిపి సంస్కృత కీర్తనలకును అనువైనది.

అందు వాగ్గేయకారుల చరిత్రములు కలవు, సంగీతలక్షణము కలదు, వేంకటమఖి సంప్రదాయానుసారముగా 72 రాగాంగరాగములును, వాని జన్యరాగములును, వాని లక్షణములును కలవు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 స్వరసహితముగా చేర్చబడినవి. పూర్వుల గీతములు, తానములు, వర్ణములు, దీక్షితులవారి సొంత రచనలు కూడ కలవు.

వీనికన్నిటికిని మించినది గుర్తుల ఏర్పాటు. కంపితమునకు నీటియలవంటి వంకర గీత. స్ఫురితమునకు మూడు చుక్కలు – పైన ఒకటి, క్రింద రెండు. ప్రత్యాఘాతమునకు అవే మూడు చుక్కలు తలక్రిందుగా. ఒక స్వరమునుండి పైకి జారుటకు ఎక్కుడు గీత, క్రిందికి జారుటకు దిగుడు గీత. నొక్కునకు ఒక గుర్తు, రవకు ఒకటి, ఖండింపునకు ఒకటి, వళికి ఒకటి. జారు, నొక్కు, ఖండింపు – ఈ మాటలలో తెలియనిది ఏది? ప్రతి గుర్తును దాని పేరు పలికినంతనే మనసునకు తట్టునట్లున్నది. ఈ గుర్తులను సాధారణపు అచ్చక్షరములతో జతపరచి, పంక్తి చెదరకుండ పుట కూర్చుట ఎంత శ్రమయో ఆ గ్రంథమును చూచినవారికే తెలియును. అచ్చుకూటమువారి ఓర్పును దీక్షితులవారి ఓర్పునకు తీసిపోదు.

బాలుర పుస్తకము

మహాగ్రంథము పండితులకు. అంతటితో దీక్షితులవారు తృప్తి చెందలేదు. మరుసటి సంవత్సరము, 1905లో, అదే ముద్రాక్షరశాలనుండి ప్రథమాభ్యాస పుస్తకము అను పేర చిన్న గ్రంథమును వెలువరించిరి. పేరే చెప్పుచున్నట్లు అది తొలిపాఠములు నేర్చువారికొరకు వ్రాసినది. జీవితమంతయు ప్రౌఢసంగీతమున మునిగిన వృద్ధ విద్వాంసుడు, చివరి దినములలో ఓనమాలు దిద్దు శిశువు స్థాయికి దిగివచ్చి పుస్తకము వ్రాయుట సామాన్యమైన విషయము కాదు.

తెలుగు బాలునకు ఈ స్వరలిపి ఎంత సులభమో చూడుడు. గుణింతము నేర్చిన బిడ్డకు హ్రస్వమును దీర్ఘమును తెలియును. స్వరలిపియందును అంతే: స అని వ్రాసిన ఒక మాత్ర, సా అని వ్రాసిన రెండు మాత్రలు. రి, రీ, గ, గా, మ, మా – బడిలో నేర్చిన గుణింతమే కాలమానమగుచున్నది. స్వరముపైన చుక్క యున్నచో పైస్థాయి. క్రింద చుక్క యున్నచో క్రిందిస్థాయి. స్వరములపైన ఒక అడ్డగీత గీసినచో వేగము రెట్టింపు. రెండు గీతలైనచో నాలుగింతలు. చేతితో ఒక దెబ్బ, మూడు వ్రేళ్ళు లెక్కించి, పిమ్మట దెబ్బయు విసరుట, దెబ్బయు విసరుట చేసినచో ఎనిమిది అక్షరములు, అది ఆదితాళము. సరళి వరుసలోని ఎనిమిది స్వరములు ఆ ఎనిమిది అక్షరములతో సరిపోవును. ఇన్ని మాటలు ఒక నల్లబల్లమీద వ్రాసి చూపుటకు ఎంతో సేపు పట్టదు.

జంటవరుసకు వచ్చునప్పటికి గమకము తానై వచ్చును. సస రిరి గగ అని పాడునపుడు రెండవ స్వరమును క్రింది స్వరముతో తాకించి ఊతగా పలుకవలెను. అదియే స్ఫురితము. ఆ రెండవ స్వరముపై మూడు చుక్కలు పెట్టినచో, బాలుడు మరచినపుడు ఆ చుక్కలే గురువై జ్ఞాపకము చేయును.

ముత్తుస్వామి దీక్షితులు చిన్ననాట తండ్రితో చెన్నపురి చెంతనున్న మణలి గ్రామమున నివసించినపుడు, కోటలోని ఆంగ్లేయుల బాండు వాద్యమును విని, ఆ వరుసలకు సంస్కృతమున దైవస్తుతులు కూర్చిరి. వానికి నోటుస్వర సాహిత్యములని పేరు. ఆంగ్లేయుల రాజగీతపు వరుసయును అందొకటి. శంకరాభరణ స్వరములలో గమకములు అంతగా లేక నడచుటచే అవి పిల్లల నోటికి ఇట్టే పట్టుబడును. సుబ్బరామ దీక్షితులు వీనిని ఈ ప్రథమాభ్యాస పుస్తకమున చేర్చుట ఆయన బోధనాజ్ఞానమునకు నిదర్శనము. పరదేశపు వరుసయైనను పిల్లలకు పనికివచ్చునదైనచో దానిని ఆయన త్రోసివేయలేదు.

గుర్తులు గురువునకు బదులు కావని దీక్షితులవారికి తెలియును. అక్షరములు నేర్చినంతమాత్రమున కవి కానట్లే, స్వరలిపి నేర్చినంతమాత్రమున గాయకుడు కాడు. కాని అక్షరములు రాని ఊరిలో కవిత్వము నిలువదు. గురువు చెప్పినదానిని ఇంటికి తీసికొనిపోవుటకు పిల్లవానికి ఒక మూట కావలెను. ఆ మూటయే స్వరలిపి.

పరులకును ఉపకారము

1904లో బొంబాయినుండి విష్ణునారాయణ భాత్‌ఖండే పండితుడు దక్షిణదేశయాత్ర చేయుచు ఎట్టయాపురమునకు వచ్చి దీక్షితులవారిని దర్శించెను. హిందూస్థానీ సంగీతమునకు శాస్త్రమును, పాఠక్రమమును ఏర్పరుపవలెనని ఆయన సంకల్పము. దీక్షితులవారు దాపరికము లేక ఆయనతో చర్చించి, వేంకటమఖి చతుర్దండిప్రకాశికను ఆయనకు పరిచయము చేసిరి. 72 మేళకర్తల ఏర్పాటును పరిశీలించిన పిమ్మటనే భాత్‌ఖండే తమ సంగీతమునకు పది థాటుల ఏర్పాటును రూపొందించెను. విద్యార్థులకై స్వరలిపితో కూడిన క్రమిక పుస్తకములను ప్రకటించెను. కీర్తన చెప్పుటకు ఒకప్పుడు వెనుదీసిన వృద్ధుడు, పరభాషీయుడైన అపరిచితునకు తన యింటి శాస్త్రమును తెరచి చూపెను.

నిర్యాణము, తదనంతరము

ప్రథమాభ్యాస పుస్తకము వెలువడిన మరుసటి యేడు, 1906లో, సుబ్బరామ దీక్షితులు స్వర్గస్థులైరి. ఆలస్యము ఇంకొక అయిదారేండ్లు జరిగియున్నచో ఆ రెండు గ్రంథములును ఉండెడివి కావు.

ఆయన కుమారుడు అంబి దీక్షితులు (1863–1936) చెన్నపురి చేరి ఆ కీర్తనలను శిష్యులకు బోధించిరి. న్యాయమూర్తి టి. ఎల్. వెంకటరామయ్యరు, గాయని డి. కె. పట్టమ్మాళ్ ఆయనవద్ద నేర్చినవారే. మదరాసు సంగీత విద్వత్సభ 1961 మొదలు ప్రదర్శినిని తమిళలిపిలో భాగములుగా ప్రకటించెను. పిమ్మట ఆంగ్లభాషలోనికిని అది వచ్చినది. నేడు ముత్తుస్వామి దీక్షితుల కీర్తన ఒకదానిని రెండు విధములుగా పాడువారు తగవుపడినచో, తుదకు తెరచి చూచునది ఆ ఎట్టయాపురపు గ్రంథమునే.

మాట మిగిలి మట్టు పోయిన తాళ్ళపాక కీర్తనలను తలంచినపుడు సుబ్బరామ దీక్షితుల శ్రమకు వెల కట్టలేము. మన పల్లెలలో నేటికిని పెద్దల నోట మాత్రమే నిలిచియున్న పాటలు కలవు. కోలాటపు పాటలు, చెక్కభజన వరుసలు, దంపుళ్ళ పాటలు, పెండ్లిపాటలు, వీధినాటకపు దరువులు – ఇవి పాడువారితోనే పోవుచున్నవి. పాడు అవ్వయుండగనే, స్వరము తెలిసిన బాలుడొకడు ప్రక్కన కూర్చుండి, ఒక పుస్తకమున స రి గ మ లు వ్రాసి, పైన ఒక చుక్క, క్రింద ఒక గీత దిద్దినచో ఆ పాట బ్రతుకును. అట్లు వ్రాసిన పుస్తకములకు గ్రంథాలయమున ఒక అరను ప్రత్యేకించుట పెద్దపని కాదు. ప్రథమాభ్యాస పుస్తకమున దీక్షితులవారు దిద్దించిన గుర్తులు ఈ పనికి చాలును.